ప్లేటుకు ఎండ, బ్యాటరీకి నీడ

పిల్లలూ, పంట చేతికొచ్చే రోజులొస్తే తాండూరు దగ్గరి యాలాల్ చుట్టుపక్కల చేలల్లో రాత్రిళ్లు లైట్లు కదులుతుంటాయి. ఒకాయన మంచె మీద టార్చి పట్టుకుని అడవి పందులకు కాపలా ఉంటాడు. ఇంకొకాయన తలకు లైటు కట్టుకుని మోటారు దగ్గరికి పోతుంటాడు. మరో చేనులో చిన్న మైకు ఒకటి కర్రకు కట్టి ఉంటుంది. అందులో రికార్డు చేసిన కుక్కల అరుపులు, మనిషి కేకలు తెల్లవార్లూ మోగుతూనే ఉంటాయి. ఇక ఫోను లేని జేబు లేదు. ఇవన్నీ బ్యాటరీ మీద బతికే వస్తువులే. చేనులో కరెంటు ఉన్నా అది మోటారు డబ్బా దాకానే. ఫోను పెట్టుకోవడానికి అక్కడ ప్లగ్గు ఉండదు.

మరి ఎండకేం కొదవ? తెలంగాణలో ఏడాది సగటు తీసుకుంటే చదరపు మీటరు నేల మీద రోజుకు దాదాపు 5 యూనిట్ల శక్తి ఎండ రూపంలో పడుతుంది. రెండడుగుల తాండూరు బండలు మూడు పక్కపక్కన పరిస్తే చదరపు మీటరు దాటుతుంది. ఆ మూడు బండల మీద పడే ఎండలోనే రోజుకు 5 యూనిట్లున్నాయన్నమాట. ఫోను నిండడానికి యూనిట్‌లో యాభయ్యో వంతు చాలు. లెక్క ఇంత సులువుగా ఉన్నప్పుడు, "సోలార్ లైటు కొన్నాం, ఒక్క పంటకాలానికే మూలపడింది" అనే మాట ఇన్ని ఇళ్లలో ఎందుకు వినబడుతోంది?

అలా మూలపడ్డవాటిని విప్పి చూస్తే ప్లేటు చాలావరకు బాగానే ఉంటుంది. చచ్చిపోయేది బ్యాటరీ. దాన్ని చంపేది, మనం సాయానికి పిలుచుకున్న ఎండే. సోలార్ ప్లేటుకు ఎండ కావాలి, బ్యాటరీకి నీడ కావాలి. రెండింటినీ ఒకే డబ్బాలో బిగించి మధ్యాహ్నం గట్టు మీద వదిలేస్తే ఒకటి పనిచేస్తుంటే రెండోది ఉడికిపోతుంటుంది. ఈ ఒక్క సంగతి మీ మనసుకు పట్టిస్తే చాలని ఈ కబుర్లు మొదలుపెట్టాను.

ఒక్కసారి సెల్లు, మళ్లీ మళ్లీ సెల్లు

ముందు సెల్లు సంగతి చూద్దాం. మా చిన్నతనంలో అయిపోయిన టార్చి సెల్లును రాయితో పగలగొట్టి, లోపలి నల్లకడ్డీ తీసుకుని బండల మీద అక్షరాలు రాసేవాళ్లం. ఆ కడ్డీ కార్బన్. దాని చుట్టూ ఉండే నల్లపొడిలో ముఖ్యమైనది మాంగనీస్ డయాక్సైడ్. పైనున్న లోహపు డొప్ప జింకు. ఫ్రాన్స్‌కు చెందిన లెక్లాంషే 1866లో తయారుచేసిన తడి సెల్లును, జర్మనీలో గాస్నర్ 1886లో పొడి సెల్లుగా మార్చాడు. మన టార్చిల్లోకి వచ్చింది దాని సంతతే. మన దగ్గర నెల్లూరు నుంచి వచ్చే నిప్పో సెల్లులు తెలియనివాళ్లుండరు. పి. ఓబుల్‌రెడ్డి జపాన్ మత్సుషితా కంపెనీతో కలిసి 1972లో స్థాపించిన ఇండో నేషనల్ వాటిని తయారుచేసింది. హైదరాబాద్ కేంద్రం 738 కిలోహెర్ట్జ్ మీద చెప్పే వ్యవసాయ ముచ్చట్లను పొలంగట్టు మీద వినిపించింది ఇలాంటి సెల్లులే.

ఈ సెల్లులో డొప్పే ఇంధనం. కరెంటు వాడేకొద్దీ జింకు కరిగిపోతుంది. అందుకే పాత సెల్లును టార్చిలోనే మరిచిపోతే డొప్పకు చిల్లుపడి, లోపలి రసం కారి, స్ప్రింగు పచ్చగా తుప్పుపడుతుంది. ఆ కరిగిన జింకును మళ్లీ డొప్పగా మార్చలేం. కాబట్టి పారెయ్యడమే.

మళ్లీ మళ్లీ వాడే సెల్లులో రసాయన మార్పు రెండు వైపులా నడుస్తుంది. మనం వాడినప్పుడు ముందుకు, ఛార్జింగ్ పెట్టినప్పుడు వెనక్కి. స్వీడన్‌కు చెందిన యుంగ్నర్ 1899లో నికెల్-కాడ్మియం సెల్లు చేశాడు. 1977లో హైదరాబాద్ బ్యాటరీస్ పేరుతో మొదలైన మన హెచ్‌బీఎల్ కంపెనీ విమానాల కోసం చేసినవి ఆ జాతి బ్యాటరీలే. కాడ్మియం విషం కనుక ఇంటి వాడకంలో దాని చోటును నికెల్-మెటల్ హైడ్రైడ్ తీసుకుంది. దుకాణంలో ‘ఛార్జింగ్ పెన్సిల్ సెల్లు’ అని అడిగితే ఇచ్చేది అదే. ఫోన్లలో, పవర్‌బ్యాంకుల్లో, కొత్త టార్చిల్లో ఉండేది లిథియం అయాన్. సోనీ కంపెనీ దాన్ని 1991లో బజారులోకి తెచ్చింది. దానికి పునాది వేసిన గుడెనఫ్, విటింగ్‌హామ్, యోషినో ముగ్గురికీ 2019లో నోబెల్ బహుమతి వచ్చింది.

"తాతా, ఛార్జింగ్ సెల్లు మీద 1.2 వోల్టులని ఉంది. మామూలు దాని మీద 1.5 అని ఉంది. మరి రేడియో సరిగ్గా మోగుతుందా?" అని మావాడొకడు అడిగాడు. మంచి ప్రశ్న. మామూలు సెల్లు కొత్తగా ఉన్నప్పుడే 1.5. వాడడం మొదలుపెట్టగానే దిగుతూ దిగుతూ సగం వయసుకు 1.2 దగ్గరికి, చివరికి 1 దాకా జారుతుంది. ఛార్జింగ్ సెల్లు మొదటి నుంచి దాదాపు చివరి వరకు 1.2 దగ్గరే నిలబడి, అయిపోయేటప్పుడు ఒక్కసారిగా పడిపోతుంది. మామూలు సెల్లు సగం అయిపోయాక కూడా మోగే రేడియో, దీంతోనూ హాయిగా మోగుతుంది బిడ్డా. బాగా దిగేదాకా వాడకుండా, వెలుగు తగ్గిందనిపించగానే తీసి ఛార్జింగ్ పెట్టడం మాత్రం అలవాటు చేసుకో.

ఇంకో మాట. పాతదీ కొత్తదీ కలిపి ఒకే టార్చిలో వేయకండి. బలహీనమైన సెల్లు ముందు ఖాళీ అవుతుంది. మిగిలినవి దానిలోంచి కరెంటును ఇంకా తోస్తూనే ఉంటాయి. అప్పుడు దాని ప్లస్సూ మైనస్సూ తారుమారై లోపల గ్యాసు పుట్టి అది శాశ్వతంగా చెడుతుంది. ఒకేసారి కొన్న నాలుగింటికీ ఒకే గుర్తు పెట్టి, ఎప్పుడూ కలిపే వాడాలి.

వాట్-గంటల లెక్క

సెల్లు మీద ఎం‌ఏహెచ్ (మిల్లీ ఆంపియర్-గంటలు) అని ఒక అంకె ఉంటుంది. అందరం దాన్నే చూస్తాం. దానితో వోల్టులను గుణించి వెయ్యితో భాగించాలి. అప్పుడు వచ్చేవి వాట్-గంటలు. అసలు సరుకు అదే. 2000 అని రాసి ఉన్న ఛార్జింగ్ పెన్సిల్ సెల్లులో 1.2 వోల్టులతో కలిపి 2.4 వాట్-గంటలుంటాయి. 5000 అని రాసి ఉన్న ఫోను బ్యాటరీలో దాదాపు 19. మీ ఇంటి మీటరులో తిరిగే ఒక్క యూనిట్ అంటే 1000 వాట్-గంటలు.

ఇప్పుడొక లెక్క చేసి చూడండి. మామూలు జింకు పెన్సిల్ సెల్లు రమారమి ఒక్క వాట్-గంట ఇస్తుంది. యూనిట్ కరెంటు కావాలంటే వెయ్యి సెల్లులు కొనాలి. ఒక్కోటి పది రూపాయలనుకున్నా ఒక యూనిట్ పదివేల రూపాయలు! ఇంతకన్నా ఖరీదైన కరెంటు మన ఇళ్లలో ఇంకొకటి లేదు. ఛార్జింగ్ సెల్లును 500 సార్లు నింపి వాడితే అది ఒక్కటే తన జీవితంలో 1200 వాట్-గంటలు ఇస్తుంది. సగమే పనిచేసిందనుకున్నా వందల సెల్లులు చెత్తలో పడకుండా ఆపినట్టే.

వెలుగు సంగతి కూడా మారింది. పాత ఫిలమెంటు బల్బు తీసుకున్న కరెంటులో చాలావరకు వేడి కిందనే పోయేది. అదే కరెంటుకు ఎల్‌ఈడీ పది రెట్ల దాకా వెలుగిస్తుంది. తెల్లటి ఎల్‌ఈడీకి మూలం నీలి ఎల్‌ఈడీ. అది కనిపెట్టిన అకసాకి, అమానో, నకమురా ముగ్గురికీ 2014లో నోబెల్ ఇచ్చారు. చేతిలో పట్టే చిన్న సోలార్ ప్లేటు మన రాత్రి అవసరానికి సరిపోతోందంటే అందులో వాళ్ల చలవే ఎక్కువ.

మంచె మీద ఉండే మనిషికి రాత్రికి ఎంత కావాలో లెక్కకడదాం. ఒక వాటు టార్చి రెండు గంటలు వెలిగితే 2 వాట్-గంటలు. మైకు సగటున 2 వాట్లు లాగుతుందనుకుంటే పది గంటలకు 20. ఫోనుకు సగం ఛార్జింగ్, 10. మొత్తం 32. ప్లేటు నుంచి బ్యాటరీకి, బ్యాటరీ నుంచి వస్తువుకు పోయేటప్పుడు దారిలో మూడో వంతు దాకా వేడిగా పోతుంది. అందుకని 45 అనుకోండి. మన రోజు ఎండను నిండు ఎండ లెక్కలోకి మారిస్తే సగటున ఐదు గంటలు. అంటే ప్లేటు గంటకు 9 వాట్-గంటలు ఇవ్వాలి. ప్లేటు మీద అచ్చయిన అంకెలో మూడింట రెండు వంతులే చేతికొస్తాయి కాబట్టి 15 వాట్ల ప్లేటు అవసరం. ఇలా కాగితం మీద నాలుగు గీతలు గీసుకుని దుకాణానికి పోతే ఎవరూ మిమ్మల్ని మోసం చేయలేరు.

వీపున ప్లేటున్న పవర్‌బ్యాంకు

సంతల్లో ఒక వస్తువు తెగ అమ్ముతారు. పవర్‌బ్యాంకు వీపుకే అరచేతి పాటి సోలార్ ప్లేటు అతికించి ఉంటుంది. ఎండలో పడేస్తే అదే నిండుతుందంటారు. స్కేలు పెట్టి దాన్ని కొలవండి. 14 సెంటీమీటర్ల పొడవు, 7 సెంటీమీటర్ల వెడల్పు ఉందనుకుందాం. 98 చదరపు సెంటీమీటర్లు. నిండు మధ్యాహ్నపు ఎండ చదరపు మీటరుకు 1000 వాట్లు. అంటే ఈ ముక్క మీద పడేది 10 వాట్ల లోపే. అందులో కరెంటుగా మారేది ఆరో వంతో ఐదో వంతో. చేతికొచ్చేది వాటున్నర, మహా అయితే రెండు.

లోపలి బ్యాటరీ 10,000 ఎం‌ఏహెచ్ అయితే 37 వాట్-గంటలు. గంటకు ఒకటిన్నర చొప్పున నింపాలంటే పాతిక గంటల నిండు ఎండ కావాలి. రోజుకు ఐదు గంటల లెక్కన ఐదు రోజులు. దారిలో పోయేది కలుపుకుంటే వారం. ఈ వారం రోజులూ బ్యాటరీ ఎక్కడుంది? నల్లటి ప్లేటు కింద, ఎండలో, పగటి పూటంతా. ఏప్రిల్, మే నెలల్లో తాండూరులో గాలే 40 డిగ్రీలు దాటుతుంది. ఎండలో నల్ల ప్లేటు 65 దాకా పోతుంది. దానికి అతుక్కున్న బ్యాటరీకి తప్పించుకునే దారి లేదు.

లిథియం అయాన్ సెల్లును 45 డిగ్రీల పైన ఛార్జింగ్ చేయకూడదని తయారుచేసేవాళ్లే చెబుతారు. ఎందుకో చూడండి. ఈ సెల్లులో లిథియం అయాన్లు ఒకవైపు గ్రాఫైటు పొరల్లోకి, మరోవైపు లోహపు ఆక్సైడు పొరల్లోకి వెళ్లి వస్తుంటాయి. గ్రాఫైటు మీద ఒక పలుచని పొర ఏర్పడి దాన్ని కాపాడుతుంది. వేడెక్కితే ఆ పొర మందమవుతూ పోతుంది. అందులో చిక్కుకున్న లిథియం మళ్లీ పనికి రాదు. పది డిగ్రీలు పెరిగితే ఇలాంటి పక్క చర్యల వేగం దాదాపు రెట్టింపవుతుంది. పాతిక డిగ్రీల నీడలో సగం నింపి దాచిన సెల్లు ఏడాదికి పెద్దగా నష్టపోదు. నిండుగా నింపి 40 డిగ్రీల వేడిలో ఉంచినది ఏడాదిలో మూడో వంతు దాకా పోగొట్టుకోవచ్చు. ఆ పోయినది ఏ ఛార్జరుతోనూ తిరిగి రాదు.

ప్లేటు పెట్టే తీరు

కాబట్టి ప్లేటు వేరు, బ్యాటరీ వేరు. మడిచి సంచిలో పెట్టుకునే ప్లేట్లు దొరుకుతున్నాయి. దగ్గరగా చూస్తే దాని మీద సన్నటి గీతలతో విడివిడి ముక్కలు కనిపిస్తాయి. ఒక్కొక్కటి ఒక సిలికాన్ సెల్లు. 1954లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో చాపిన్, ఫుల్లర్, పియర్సన్ చేసిన మొదటి సిలికాన్ సెల్లు నూటికి 6 వంతుల ఎండనే కరెంటుగా మార్చింది. ఇప్పుడు మంచి ప్లేట్లు 20 దాటాయి. ఎండ తగిలితే సిలికాన్‌లో ఎలక్ట్రాన్లు విడివడతాయి. రెండు రకాల సిలికాన్ కలిసే చోట ఉన్న విద్యుత్ క్షేత్రం వాటిని ఒకే దిక్కుకు తోస్తుంది. ఒక్కో ముక్క ఇచ్చేది అర వోల్టు పైచిలుకు మాత్రమే. అందుకే పన్నెండు ముక్కలను వరుసగా కలిపి 6 వోల్టులు చేసి, దాన్ని ఫోనుకు తగ్గ 5 వోల్టులకు దించుతారు.

వరుసగా కలపడంలోనే ఒక మెలిక ఉంది. బావి దగ్గర నుంచి చేతులు మార్చుకుంటూ బిందెలు అందించే వరుసలో ఒక్కరు కూర్చుండిపోతే మొత్తం ఆగిపోయినట్టు, ఒక్క ముక్క మీద వేపాకు నీడ పడినా ప్లేటు అంతటి కరెంటూ పడిపోతుంది. ప్లేటు మీద అరచేయి పెట్టి, ఛార్జింగ్ ఎంత పడిపోతుందో మీరే చూడండి. కొమ్మ నీడ, తీగ నీడ, కంది మొక్క నీడ పడకుండా పెట్టడం పెద్ద ప్లేటు కొనడం కన్నా ముఖ్యం.

దిక్కు సంగతి. ప్లేటు మీద పెన్సిలును నిట్టనిలువుగా నిలబెట్టండి. దాని నీడ పూర్తిగా మాయమయ్యేలా ప్లేటును తిప్పితే అది సూర్యుడికి ఎదురుగా ఉన్నట్టు. యాలాల్ దాదాపు 17 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. కంది కోతలకు ముందు, డిసెంబరులో, మధ్యాహ్నం కూడా సూర్యుడు దక్షిణాన 50 డిగ్రీల ఎత్తుకే వస్తాడు. అప్పుడు ప్లేటును దక్షిణానికి 40 డిగ్రీలు వాల్చాలి. మే 8, 9 తేదీల ప్రాంతంలో, మళ్లీ ఆగస్టు 3, 4 ప్రాంతంలో సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. ఆ మధ్యకాలంలో మధ్యాహ్నం పూట కొంచెం ఉత్తరానికే జరుగుతాడు. అప్పుడు ప్లేటును నేల మీద చదునుగా పరిస్తే చాలు.

మండే ఎండలోనే కరెంటు ఎక్కువ వస్తుందని అందరూ అనుకుంటారు. ప్లేటుకు వెలుగు ఇష్టం, వేడి ఇష్టం లేదు. దాని మీద అచ్చయిన వాట్లు ప్లేటు 25 డిగ్రీల దగ్గర ఉండగా కొలిచినవి. అంతకు పైన ఒక్కో డిగ్రీకి నూటికి 0.4 చొప్పున తగ్గుతుంది. 65 డిగ్రీలకు పోయిన ప్లేటు నూటికి 16 పోగొట్టుకున్నట్టే. వేడి బండకు ఆనించకుండా కింద గాలి ఆడేలా నాలుగు వేళ్ల ఎత్తున పెడితే కొంత తిరిగొస్తుంది.

మన ప్రాంతంలో ఇంకో శత్రువు ఉంది, రాతిపొడి. నాపరాతి గనులు, పాలిషింగ్ యూనిట్లు, సిమెంటు ఫ్యాక్టరీలు, వాటికి తిరిగే లారీలు. తాండూరు రోడ్డు పక్క చెట్ల ఆకులు చూస్తే ఎంత పొడి పడుతుందో తెలుస్తుంది. మంచు కురిసిన రాత్రి ఆ పొడి తడిసి, పొద్దునకు ప్లేటు మీద సున్నం పూసినట్టు పట్టేస్తుంది. పొడిబట్టతో రుద్దితే మడిచే ప్లేట్ల ప్లాస్టిక్ మీద గీతలు పడతాయి. ముందు నీళ్లు చల్లి నాననిచ్చి, మెత్తటి తడిబట్టతో తుడవండి. పొద్దున చల్లగా ఉన్నప్పుడే ఆ పని చేయండి.

వానాకాలం గురించి కూడా ముందే అనుకోవాలి. దట్టంగా మబ్బు పట్టిన రోజు మామూలు రోజులో ఐదో వంతు, పదో వంతు కరెంటే వస్తుంది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా సోలార్ ఒక్కదాన్నే నమ్ముకుంటే ముసురు పట్టిన రెండో రోజుకే లైటు ఆరిపోతుంది. ఇంట్లో కరెంటు ఉన్నప్పుడే పవర్‌బ్యాంకు నింపి చేనుకు తీసుకుపోవాలి.

బ్యాటరీకి నీడ

ప్లేటుకు ఫోనును నేరుగా తగిలించకండి. మబ్బు అడ్డొచ్చినప్పుడల్లా వోల్టులు పడిపోయి ఛార్జింగ్ ఆగుతుంది. ఎండ తిరిగొచ్చినా కొన్ని ఫోన్లు మళ్లీ అందుకోవు, అందుకున్నా సన్నగా తీసుకుంటాయి. పైగా ఫోను కూడా ఎండలోనే పడి ఉంటుంది. పగలు ప్లేటుతో పవర్‌బ్యాంకు నింపడం, చల్లబడ్డాక దానితో ఫోను నింపడం. ఇదీ పద్ధతి.

దీనికి కావలసిన పరికరం రెండు మీటర్ల మంచి వైరు. ప్లేటు గట్టు మీద ఎండలో, పవర్‌బ్యాంకు గుడ్డసంచిలో వేపచెట్టు కొమ్మకు. చెట్టు లేకపోతే మంచె కింద. అదీ లేకపోతే చేను చుట్టూ పాతిన బండల వెనక. నిలబెట్టిన బండకు చలికాలంలో ఉత్తరం వైపు రోజంతా నీడ ఉంటుంది. ఎండాకాలం నడిమధ్యాహ్నం ఆ నీడ ఉండదని ఇందాకే చెప్పుకున్నాం కదా, అప్పుడు చెట్టే గతి. నీళ్లల్లో తడిపిన గోనెపట్టా దగ్గర్లో వేలాడదీస్తే గాలి చల్లగా ఉంటుంది, సంచికి మాత్రం తడి తగలనీయొద్దు. బైకు ట్యాంకు మీది కవర్లో, మూసిన కారులో, ట్రాక్టరు సీటు కింద పవర్‌బ్యాంకు వదిలేయడం మానుకోండి. చేతితో పట్టుకుంటే వేడిగా అనిపించిన బ్యాటరీని చల్లారేదాకా ఛార్జింగ్ పెట్టొద్దు.

ఫోను కూడా చేనులో ఊరికే అయిపోతుంటుంది. టవరు దూరమై సిగ్నలు సన్నగా ఉంటే అందుకోవడానికి ఫోను తన బలం పెంచి పంపుతుంటుంది. రాత్రి టార్చి కోసమే ఫోను ఉంచుకున్నవాళ్లు ఏరోప్లేన్ మోడ్ పెట్టుకుంటే తెల్లారేసరికి మిగిలే ఛార్జింగ్ చూసి ఆశ్చర్యపోతారు. టార్చిని ఫోనుతో కలపకుండా వేరుగా ఒకటి ఉంచుకోవడం ఇంకా మేలు. పాము కనిపించినప్పుడు లైటూ కావాలి, మనుషులను పిలవడానికి ఫోనూ కావాలి.

మూడు రకాలు, మూడు స్వభావాలు

ఛార్జింగ్ టార్చి కొన్నప్పుడు అందులో ఏముందో అడగండి. తక్కువ ధర టార్చిల్లో చాలావాటిలో 4 వోల్టుల బుల్లి లెడ్ యాసిడ్ బ్యాటరీ ఉంటుంది. వీపున కట్టుకుని మందు కొట్టే బ్యాటరీ స్ప్రేయర్లలో 12 వోల్టులది ఉంటుంది. ఫ్రాన్స్‌కు చెందిన ప్లాంటే 1859లో చేసిన బ్యాటరీ కుటుంబం అది. దీనికి ఖాళీగా ఉండడం పడదు. ఖాళీగా వదిలేస్తే లోపలి సీసం పలకల మీద సల్ఫేటు గట్టిగా పేరుకుని మళ్లీ ఛార్జింగ్ తీసుకోదు. కందికి కాయతొలుచు పురుగు మందు కొట్టడం అయిపోగానే స్ప్రేయరును అలాగే అటక మీద పెడితే మళ్లీ పంటకు అది లేవదు. కొట్టిన రోజే నింపాలి, ఆ తర్వాత నెలకోసారి నింపుతూ ఉండాలి.

లిథియం అయాన్ స్వభావం దీనికి ఎదురు. నిండుగా ఉండడమూ పడదు, పూర్తిగా ఖాళీ కావడమూ పడదు. కొన్నాళ్లు వాడకుండా పెట్టాలంటే సగం నింపి చల్లటి చోట పెట్టాలి. టార్చిలో ఉండే లావుపాటి సెల్లు మీద 18650 అని ఉంటుంది. 18 మిల్లీమీటర్ల లావు, 65 మిల్లీమీటర్ల పొడవు, గుండ్రం అని దాని అర్థం. ఇది 3.7 వోల్టులది, నిండితే 4.2. దానికి తగిన ఛార్జరుతోనే నింపాలి. ఇందులోనే ఇంకో జాతి ఉంది, లిథియం ఐరన్ ఫాస్ఫేట్. గుడెనఫ్‌తో పనిచేసిన పాఢి, నంజుండస్వామి అనే మన దేశపు శాస్త్రజ్ఞులు 1997లో దాన్ని లోకానికి చూపించారు. 3.2 వోల్టులది, కాస్త బరువు. కానీ వేడిని బాగా ఓర్చుకుంటుంది, వేల సార్లు నింపినా నిలుస్తుంది. మన ఎండలకు, పొలం పనికి దొరికితే దీన్నే ఎంచుకోండి.

నికెల్-మెటల్ హైడ్రైడ్ పెన్సిల్ సెల్లులు నెమ్మది మనుషులు. ఒకప్పుడు వాడకున్నా నెలా రెండు నెలల్లో ఖాళీ అయ్యేవి. 2005లో శాన్యో కంపెనీ తెచ్చిన కొత్త రకం ఏడాది తర్వాత కూడా చాలావరకు నిలుపుకుంటుంది. రేడియోకు, గోడ గడియారానికి, చిన్న టార్చికి ఆ రకం అడిగి కొనండి. పూర్తిగా దించేసి ఎక్కించాలనే మాట నికెల్-కాడ్మియం కాలం నాటిది. ఇప్పటి వాటికి ఆ అవసరం లేదు, లిథియానికైతే అది హాని.

బ్యాటరీ ఉబ్బిందంటే లోపల గ్యాసు పుట్టిందని అర్థం. దాన్ని నొక్కకండి, సూదితో పొడవకండి, ఛార్జింగ్ పెట్టకండి. ఇంట్లోంచి తీసి ఆరుబయట బండ మీద, గడ్డివాముకు దూరంగా పెట్టండి. విడి సెల్లులను జేబులో తాళంచెవులతో, చిల్లరతో కలపకండి. పిల్లలు రాయితో కొట్టే పాత ఆట లిథియం సెల్లుతో అసలు వద్దు. మంటలంటుకుని చేతులు కాలుతాయి.

పాడైనవాటిని ఏం చేయాలి

పాడైన సెల్లును చేనులో పూడ్చకూడదు, చెత్తతో కాల్చకూడదు. కాడ్మియం, సీసం మన నల్లరేగడిలోకీ, కాగ్నా నది నీళ్లలోకీ దిగితే మళ్లీ బయటికి తీయలేం. వాటిలో నికెల్, కోబాల్టు, లిథియం వంటి విలువైన సరుకూ ఉంది. 2022 ఆగస్టులో కేంద్రం తెచ్చిన బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం బ్యాటరీలు అమ్మే కంపెనీలే పాతవాటిని తిరిగి సేకరించి శుద్ధిచేసే బాధ్యత తీసుకోవాలి. కాబట్టి కొన్న దుకాణంలో అడగడం మన హక్కు. మన పక్క మహబూబ్‌నగర్ జిల్లా దివిటిపల్లిలో అమరరాజా లిథియం బ్యాటరీల కర్మాగారానికి 2023 మేలో పునాది పడింది. బ్యాటరీలు తయారయ్యే చోటు ఇంత దగ్గరికొచ్చాక, పాతవి సేకరించే ఏర్పాటు మన మండలాల దాకా రావాలని గట్టిగా అడగాలి.

పెద్దవాళ్లకు నాదొక్క మాట. తాండూరు కందికి 2022 డిసెంబరులో భౌగోళిక గుర్తింపు వచ్చిందంటే దాని కోసం దరఖాస్తు పెట్టింది యాలాల్ రైతు ఉత్పత్తిదారుల కంపెనీయే. కలిసి అడిగితే ఏమొస్తుందో ఈ ఊళ్లకు తెలుసు. అలాంటి రైతు సంఘాలు విత్తనాలు, మందులు కలిసి కొన్నట్టే లైట్లు, ప్లేట్లు, సెల్లులు కూడా కలిసి కొనాలి. కొనేముందు దుకాణదారుణ్ణి లోపల ఏ రకం బ్యాటరీ, ఎన్ని వాట్-గంటలు, బ్యాటరీ విడిగా మార్చుకోవచ్చా అని అడగాలి. జవాబు చెప్పలేని సరుకు వద్దనాలి. సంఘం ఆఫీసులో ఒక మల్టీమీటరు, పాడైన సెల్లులు వేయడానికి మూతున్న ప్లాస్టిక్ డబ్బా ఒకటి ఉంచితే, బడిలో పదో తరగతి చదివే పిల్లలే వోల్టులు చూసి మంచివీ చెడ్డవీ వేరుచేసి పెడతారు. ఆ పని వాళ్లకు పాఠం కూడా అవుతుంది. ఈ ఏడు కందికోతలు రాకముందే మొదలుపెట్టండి.